ఒంటి రెక్క

బొమ్మ కాగితాల కట్ట మంగళవారం పొద్దున వచ్చింది. మేస్త్రమ్మ మిసెస్ టామ్స్ దాన్ని హెటీ బల్ల మీద పెట్టి, సరిగ్గానే ఉన్న వార్నిష్ డబ్బా మూతని ఇంకోసారి నొక్కి, ఏమీ అనకుండా వెళ్ళిపోయింది. ఎవరినో ఒకరిని ఏదో ఒకటి అనకుండా ఆ గదిలో ఈ కొసనుంచి ఆ కొసకి నడిచే మనిషి కాదామె. కట్ట విప్పకముందే అందులో ఏదో ఉందని హెటీకి తెలిసిపోయింది.

పింగాణీ మీద అతికించే బొమ్మ కాగితం మీద తిరగబడి ఉంటుంది. కిటికీ దగ్గర వెలుతురుకి ఎత్తి, వెనకనుంచి చూస్తే గాని అసలు రూపం తెలియదు. హెటీ పై కాగితాన్ని మునివేళ్ళతో ఎత్తి, పింగాణీ కాల్చే ఆవం పొగతో మసిబారిన కిటికీ అద్దానికి దగ్గరగా పట్టింది. క్లెమ్. ఆమె భర్త. జనవరిలో జర్మనీ మీద బాంబులు వెయ్యడానికి వెళ్ళిన విమానం తోకలో, తుపాకి దగ్గర కూర్చుని వెళ్ళి, తిరిగి రానివాడు. కింద కాగితం మీద కూడా అతనే. దాని కింద కూడా. కట్ట నిండా అతనే.

ఒక్క పళ్ళెం అనుకున్నారు ఇంట్లో. వసంతకాలంలో యజమాని మిస్టర్ డెయింట్రీ స్వయంగా వాళ్ళ వీధిలోకి వచ్చి, టోపీ మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చుని, మా ఆవం దగ్గర పళ్ళాలు పేర్చి కాల్చే మట్టిపెట్టెలు మోసిన కుర్రాడు, వాడి జ్ఞాపకంగా ఏదైనా చెయ్యకపోతే మాకు నిద్రపట్టదు అన్నాడు. యూనిఫాంలో తీయించుకున్న ఫోటో అడిగాడు. ఉన్నది ఒక్కటే. అత్తగారు సేరా చట్రంలోంచి తీసి, ఏప్రన్ అంచుతో తుడిచి మరీ ఇచ్చింది.

హెటీ బ్రష్షు తీసుకుంది. పళ్ళెం మధ్యలో వార్నిష్ పల్చగా పూసి, అది వేలికి అంటీ అంటనట్టు అయ్యేదాకా ఆగాలి. తొందరపడితే బొమ్మ జారుతుంది, ఆలస్యమైతే పట్టదు. ఆగినంతసేపూ ఆమె పక్కకి చూసింది. తర్వాత కాగితాన్ని బోర్లించి, నడుమనుంచి అంచులకి, గరుకు బ్రష్షుతో గట్టిగా రుద్దింది. నడుమ అంటే ముక్కు. ముక్కునుంచి బుగ్గలకి, బుగ్గలనుంచి చెవులకి. కింద గాలి బుడగ చిక్కితే సూదితో పొడవాలి. బుడగ కనురెప్ప మీద వచ్చింది. పొడిచింది. తడి స్పాంజితో కాగితాన్ని నానబెట్టి, మూల పట్టి లాగితే అది చర్మం ఊడినట్టు ఊడి వచ్చింది, గోధుమ రంగు ముఖం మాత్రం తెల్ల పింగాణీ మీద మిగిలింది.

చూసి కాసేపు ఆమెకి అర్థం కాలేదు. క్లెమ్ నోరు నిండా పళ్ళున్నాయి.

పధ్నాలుగేళ్ళప్పుడు ఆవంలో మట్టిపెట్టె అంచు తగిలి అతని ముందుపన్ను సగం విరిగిపోయింది. ఫోటో తీసినవాడు ఏదో వాగి నవ్వించాడట, నోరు తెరుచుకుని నవ్వినప్పుడే మీట నొక్కాడు, ఆ సందు బాగా పడింది. ఇక్కడ సందు లేదు. పిల్లి కళ్ళలా కాస్త ముడుచుకుని నవ్వే కళ్ళు పెద్దవై, పైకి, ఎక్కడో ఆకాశంలోకి చూస్తున్నాయి. అన్నిటికన్నా ఘోరం రొమ్ము మీది బిళ్ళ. తుపాకివాళ్ళకి ఇచ్చేది ఒంటి రెక్క. సెలవుకి వచ్చినప్పుడు దాన్ని చూపించి, ఒంటిరెక్క కోడిని, ఎగరలేను గాని కూస్తాను అని తల్లిని ఏడిపించేవాడు. బొమ్మలో రెండు రెక్కలున్నాయి, విమానం నడిపే దొరలకి ఉన్నట్టు.

పక్క బల్ల కాన్నీ మెడ చాచి చూసింది. ‘‘ఇంత అందగాణ్ణి ఇన్నాళ్ళూ దాచిపెట్టావేం?’’ అని నవ్వబోయి, హెటీ ముఖం చూసి, మాట మింగేసి తన పనిలో పడింది.

మధ్యాహ్నానికి పళ్ళాల వరస తయారైంది. వంకరగా పడ్డవీ మడత పడ్డవీ ఆవానికి పోకముందే తుడిచేసి మళ్ళీ అతికించాలి. టర్పెంటైన్ గుడ్డతో నుదుటినుంచి గడ్డందాకా ఒక్క తుడుపు. ముఖం బురదగా సాగి, మీసమంత మరకై, గుడ్డలోకి పోతుంది. ఆ గుడ్డని ఎక్కడ పెట్టాలో హెటీకి తోచలేదు. రోజూ అయితే కాళ్ళదగ్గర డబ్బాలో పడేసేది. ఆ రోజు మడిచి బల్ల మీదే పెట్టుకుంది. కాసేపటికి మిసెస్ టామ్స్ వచ్చి, నిప్పంటుకునే గుడ్డలు బల్ల మీద పెట్టకూడదని గుర్తుచేసి, తనే తీసి డబ్బాలో పడేసింది.

సాయంత్రం ఇంటికెళ్ళి పొయ్యి పక్కన తొట్టిలో చేతులు కడుక్కుంది. గోళ్ళ కింద గోధుమ రంగు పోలేదు. సోడా వేసి తోమింది. పోలేదు. పాప ఐలీన్ దగ్గుతూ చేతులు చాచింది. అరిచేతులతో కాకుండా మోచేతులతో పాపనెత్తుకోవడం చూసి సేరా, చేతులకేమైంది అని అడిగింది.

ఏమీ కాలేదంది హెటీ. రంగు.

* * *

సేరా నలభై ఏళ్ళు పళ్ళాల బంగారు అంచుల్ని ఇసకతో మెరుగుపెట్టిన మనిషి. ఇప్పుడు వేళ్ళు కొంకర్లు పోయి సూదిలో దారం ఎక్కించలేదు గాని, పాపని చూసుకుంటుంది, వంట చేస్తుంది, వీధంతా కబుర్లు పంచుతుంది. పళ్ళెం సంగతి వీధి చివర కసాయి కొట్టు దాకా పాకించింది. సమాధి లేదు, శవపెట్టె లేదు, పూలదండ వెయ్యడానికి చోటు లేదు. కొడుకు చనిపోయాడని కాగితం వచ్చిన రోజున వీధిలో ప్రతి కిటికీకీ తెరలు దించారు, అంతే. పక్కింటావిడ దండకని చందా పోగుచేసి, దండ ఎక్కడ వెయ్యాలో తెలియక ఆ డబ్బు ఇల్లిల్లూ తిరిగి ఇచ్చేసింది. యజమాని వచ్చి వెళ్ళినప్పట్నించీ సేరా ఆ పళ్ళెం కోసమే బతుకుతోంది అన్నట్టుంది.

‘‘ఎలా వచ్చింది?’’ అని అడిగింది ఆ రాత్రి భోజనం దగ్గర. ఓట్స్ అట్టు చుట్టి నోట్లో పెట్టుకోబోతూ ఆగింది. ‘‘వాడి లాగే వచ్చిందా?’’

‘‘బాగా వచ్చింది, అత్తయ్యా.’’

‘‘వాడి లాగేనా?’’

‘‘ఆవంలోంచి వచ్చాక గాని తెలీదు. రంగు మారుతుంది కదా.’’

సేరా తల ఊపింది. ఆ మాట అబద్ధం కాదు, ఆమెకీ తెలుసు. ఫోటో ఎప్పుడిస్తారట అని మాత్రం అడిగింది. రోజూ అడిగేదే.

పాప దగ్గు తెరలు తెరలుగా వస్తోంది. హెటీ బాతు కొవ్వు వెచ్చబెట్టి దాని గుండె మీద రాసి, ఫ్లానెల్ చుట్టి, ఒళ్ళో పడుకోబెట్టుకుని ఊపింది. క్లెమ్ ఈ పిల్లని ఒక్కసారి చూశాడు, ఒక సెలవులో, రెండు రోజులు. దీన్ని అరచేతిలో పెట్టుకుని, ఇంత చిన్నదాన్ని ఆవంలో పెడితే పచ్చి మట్టిలా ఇంకా చిన్నదవుతుంది అన్నాడు. ఆ మాట అన్నప్పటి ముఖాన్ని హెటీ రోజూ పాపకి పాలు పట్టేటప్పుడు తలుచుకునేది. ఈ రాత్రి కళ్ళు మూసుకుంటే పళ్ళెం మీది ముఖం వచ్చింది. తోసేసి మళ్ళీ పిలిస్తే మళ్ళీ అదే వచ్చింది, నిండు పళ్ళతో, ఆకాశంలోకి చూస్తూ. ఒక్క రోజు పనికే ఇలా అయితే ఇంకా కట్టలున్నాయి. రేపు ఈ పిల్ల మా నాన్న ఎలా ఉండేవాడని అడిగితే తన దగ్గర చెప్పడానికేమీ మిగలదని ఆమెకి భయం పట్టుకుంది. ఫోటో తెచ్చుకోవాలి. ఫోటో ఎదురుగా ఉంటే అసలు ముఖం మళ్ళీ గెలుస్తుంది.

బుధవారం అడిగింది. చిత్రాల గదిలో ఉంది, చూస్తానంది మిసెస్ టామ్స్. గురువారం అడిగితే, శుక్రవారం పళ్ళెం ఇచ్చే వేడుక అయ్యాక తీసుకోవచ్చంది. ఆ మాట చెప్తూ ఆమె హెటీ కళ్ళలోకి చూడలేదు.

‘‘అది ఒక్కటే ఉందండీ మాకు,’’ అంది హెటీ.

‘‘తెలుసు తల్లీ.’’ మిసెస్ టామ్స్ గొంతు ఎప్పుడూ లేనంత మెత్తగా ఉంది. హెటీకి అది బాగా అనిపించలేదు. మిసెస్ టామ్స్ తిడుతూ ఉంటేనే పనులు సవ్యంగా ఉన్నట్టు.

గురువారం ఆవంలోంచి మొదటి విడత వచ్చింది. రంగు ముదిరి, పింగాణీలోకి దిగిపోయింది. ఇక గోటితో గీకినా రాదు. బంగారు అంచు వేశారు. కొన్నిటికి ముఖం మీద నల్లటి చుక్కలు పడ్డాయి, ఒకదానికి చెంప బొబ్బలెక్కింది. చెడిపోయినవాటిని ఎవరి బల్లవి వాళ్ళే పెరట్లో పెంకుల గుట్ట దగ్గర పగలగొట్టాలి, దొంగతనంగా బయటికి పోకుండా. అది ఈ ఊళ్ళో తాతల నాటి పద్ధతి. హెటీ ఎన్నో ఏళ్ళుగా గులాబీలని, గోపురాలని, వేటకుక్కల్ని పగలగొట్టింది. బొబ్బలెక్కిన పళ్ళెం పట్టుకుని గుట్ట ముందు నిలబడితే చెయ్యి లేవలేదు. కాన్నీ వచ్చి చేతిలోంచి లాక్కుని, బోర్లించి, వెనకనుంచి రాతికేసి కొట్టింది. ముఖం కనపడకుండా కొట్టాలని తోచినందుకు హెటీ ఆమెకి రుణపడ్డాననుకుంది. కాని ముక్కలు వెల్లకిలా పడ్డాయి. ఒక ముక్క మీద నోరు, నవ్వుతూ.

* * *

శుక్రవారం వాళ్ళు బొమ్మలు అతికించే గదిలో బల్లలు పక్కకి జరిపి, మధ్యలో ఒక చిన్న బల్ల మీద నీలం గుడ్డ పరిచారు. సేరా నల్ల కోటు వేసుకుని, భర్త చావుకి కొన్న టోపీ పెట్టుకుని, పాపతో వచ్చింది. పాపకి దగ్గు వస్తే వేడుక చెడుతుందని దారంతా పంచదార నాకించిందట. పత్రిక నుంచి కెమెరా మనిషి వచ్చాడు. ఆడవాళ్ళు పనిబట్టలతోనే చుట్టూ నిలబడ్డారు. యంత్రాలు ఆగిపోయేసరికి గది మరీ పెద్దదైనట్టు అనిపించింది.

మిస్టర్ డెయింట్రీ చాలాసేపు మాట్లాడాడు. వాడు నవ్వుతూ వెళ్ళాడన్నాడు. సంతోషంగా ఇచ్చాడన్నాడు, ఏమిచ్చాడో చెప్పకుండా. సముద్రం అవతల మన మిత్రులు తమ ఇళ్ళలో ఈ పళ్ళెం పెట్టుకుని ఇంగ్లండు కుర్రాడంటే ఎవరో తెలుసుకుంటారన్నాడు. క్లెమ్ ఆఖరి సెలవు ముగిసిన రోజున తెల్లవారుజామున పెరటి మరుగుదొడ్డిలో వాంతి చేసుకోవడం హెటీ విన్నది. నీళ్ళు పోసి కడిగి, ఏమీ జరగనట్టు వచ్చి, టీ తాగి వెళ్ళాడు. నవ్వుతూ వెళ్ళాడన్న మాట విన్నప్పుడు ఆ వాసన ముక్కుకి తగిలినట్టయి ఆమె చేతిగుడ్డ నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకుని కెమెరా మనిషి ఒక బొమ్మ తీశాడు.

పళ్ళెం సేరా చేతిలో పెట్టారు. ఈ ఊళ్ళో ఎవరి చేతికి పళ్ళెం ఇచ్చినా, తినేదయినా గోడకి పెట్టేదయినా, మొదట తిరగేసి అడుగున ముద్ర చూస్తారు. సేరా కూడా ముఖం చూడకుండానే తిరగేసింది. కిరీటం ముద్ర, దాని కింద ‘వీర వైమానికుడు’ అన్న మాట, నకలు సంఖ్య. ఆమె వేలితో ముద్ర చుట్టూ తడిమి, ఇంకేమైనా ఉందేమోనని వెలుతురుకి పట్టి చూసింది.

‘‘పేరు ఎక్కడేశారయ్యా?’’

పేరు వేస్తే ఒక్కడికే పరిమితమైపోతుందని, పేరు లేకపోతే అందరి బిడ్డా అవుతాడని మిస్టర్ డెయింట్రీ వివరించాడు. కెమెరా మనిషి ఇటు తిరగమన్నాడు. సేరా తిరిగింది. అప్పుడే పళ్ళెం ముందువైపు ఆమెకి కనిపించింది. ఆమె ముఖంలో ఏదో మారింది గాని అది ఏమిటో హెటీకి పోల్చుకోడానికి వీల్లేకుండా కెమెరా వెలుగు మెరిసింది.

తర్వాత మిస్టర్ డెయింట్రీ రెండు చేతులూ చాచాడు. సేరా ఆయన చేతులు కలపడానికి చాచాడనుకుని పళ్ళెం చంకలో పెట్టుకుని తన చెయ్యి ఇచ్చింది. ఆయన ఆ చెయ్యి పట్టుకుని, ఊపి, వదిలేసి, చంకలో పళ్ళెం మీద మెల్లిగా చెయ్యి వేశాడు.

‘‘ఇది ఓడకి వెళ్ళాలి, మిసెస్ మౌంట్‌ఫర్డ్. బొమ్మ ఉన్న పింగాణీ ఇప్పుడు దేశంలో ఎవరి ఇంట్లోనూ కొత్తగా ఉండకూడదు. యుద్ధం అయ్యేదాకా మనకంతా తెల్లదే. చట్టం. నా చేతుల్లో లేదు.’’

‘‘మావాడిదైనా?’’

‘‘తెల్లదైతే ఒకటేమిటి, డజను ఇవ్వనూ?’’

ఇచ్చాడు కూడా. డజను కాదు, ఒకటి. మూటలు కట్టే గదినుంచి ఎవరో తెల్ల పళ్ళెం తెచ్చి సేరా చేతిలో పెడితే ఆమె అలవాటుగా దాన్నీ తిరగేసి చూసింది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళలో ఎవరో ముక్కు చీదారు. పాప దగ్గింది.

హెటీ యజమానితో ఎప్పుడూ ఎదురు మాట్లాడలేదు. వార్నిష్ డబ్బాల మూతల గురించి కూడా. యుద్ధం వచ్చాక ఊళ్ళో సగం కార్ఖానాలు మూసేశారు. ఇక్కడ పని పోతే ఇంకెక్కడా లేదు. పాపకి మందు, అత్తగారి మోకాళ్ళకి మందు, ఇంటద్దె, అన్నీ ఆ బల్ల మీదనుంచే రావాలి. అయినా ఆమె గొంతు వినిపించింది, ఆమెకే ఆశ్చర్యంగా.

‘‘అయ్యగారూ, ఫోటో.’’

‘‘ఏ ఫోటో? ఆఁ, అవునవును.’’ ఆయన మిసెస్ టామ్స్ వైపు చూశాడు.

మిసెస్ టామ్స్ చిత్రాల గదికి వెళ్ళి కవరు తెచ్చింది. అందరి ముందూ ఇవ్వకుండా హెటీని చేతులు కడుక్కునే తొట్టి దగ్గరికి తీసుకెళ్ళి, అక్కడ ఇచ్చింది.

‘‘ఇంటికెళ్ళాక చూడు.’’

హెటీ అక్కడే చూసింది. ఫోటో మీద, అసలు ఫోటో మీదే, తెల్ల రంగు వేసి ముందుపన్ను కట్టారు. ఒంటి రెక్క పక్కన ఇంకో రెక్క దిద్దారు. గడ్డం కింద నీడని బూడిదరంగుతో సున్నంలా పూసేశారు. కళ్ళ దగ్గర కత్తి మొనతో గీకారు.

‘‘అచ్చుకి పంపే ముందు అందరివీ అలాగే దిద్దుతారు తల్లీ. నకలు తీయించి దాని మీద దిద్దచ్చు. ఎవడికీ తోచలేదు, తోచినా తీరిక లేదు. సోమవారమే చూశాను నేను. చెప్పబుద్ధి కాలేదు.’’

హెటీ తొట్టి అంచు పట్టుకుంది. మిసెస్ టామ్స్ ఆమె నుదురు పట్టుకుని నిలబడింది, చిన్నపిల్లకి పట్టినట్టు, వాంతి అంతా అయ్యేదాకా.

* * *

ఆదివారం సేరా ప్రార్థనకి వెళ్ళలేదు. శనివారం పత్రికలో ఆమె పళ్ళెం పట్టుకున్న బొమ్మ పడింది. కొడుకు జ్ఞాపిక అందుకున్న తల్లి అని కింద రాశారు. చర్చిలో ప్రతివాళ్ళూ పళ్ళెం ఎప్పుడు చూపిస్తావని అడుగుతారు. మోకాళ్ళు నొప్పులని చెప్పి మేడ మీద పాపని పక్కలో వేసుకుని పడుకుంది. కొడుకు ముఖం గురించి గాని పళ్ళెం గురించి గాని ఆమె రెండు రోజులుగా ఒక్క మాటా అనలేదు. ఫోటో ఇచ్చారా అని అడగలేదు. ఆ అడగకపోవడమే హెటీకి భరించరానిదిగా ఉంది.

వంటగదిలో కిటికీ కింద బల్ల మీద హెటీ ఫోటో పెట్టుకుంది. అగ్గిపుల్ల కొసకి దూది చుట్టి, నాలుక మీద తడిపింది. నీళ్ళయితే ఎక్కువవుతాయి, కాగితం ఉబ్బుతుంది. ఉమ్మి వెచ్చగా, కొంచెంగా ఉంటుంది. ముందు మూలన, రంగులేని చోట రాసి చూసింది. ఏమీ కాలేదు. తర్వాత రెండో రెక్క కొస మీద దూది ఆనించి, రుద్దకుండా, దొర్లించింది.

దూది తెల్లబడింది.

దాన్ని తీసేసి కొత్త దూది చుట్టింది. ఈక తర్వాత ఈక. లోపల్నించి యూనిఫాం నేత బయటికి వచ్చింది. నాలుక మీద రంగు రుచి, సుద్ద రుచి, కాస్త చేదు. ఉమ్మేసి మళ్ళీ తడిపింది. రెండో రెక్క పోయి ఒకటే మిగిలేసరికి ఆమె మెడ కొయ్యబారింది. గడ్డం కింద సున్నం తీసింది. గుటక వేసేటప్పుడు కదిలే గొంతుముడి కనిపించింది. అప్పుడు పన్ను. అది అగ్గిపుల్ల తలకాయంత కూడా లేదు. ఊపిరి బిగబట్టి దూది ఆనించి, ఎత్తి, చూసి, మళ్ళీ ఆనించింది. తెల్ల రంగు కరిగి అంచుకి చేరింది, దూదిలోకి వచ్చింది. దాని వెనక చీకటి సందు తెరుచుకుంది, క్లెమ్ నవ్వాడు.

ఆమె కుర్చీలో వెనక్కి వాలి కూర్చుండిపోయింది. తర్వాత కళ్ళ దగ్గరికి వచ్చింది. అక్కడ రంగు కాదు. కత్తితో గీకినచోట ఫోటో పొరే లేచిపోయింది. ఎడమ కన్ను పైన పూసిన కొద్దిపాటి రంగు వచ్చి, కన్ను కాస్త ముడుచుకుంది. కుడి కంటిలో మాత్రం మెరుపు కోసమని లోతుగా గీకారు. ఎన్ని దూదులు మార్చినా అక్కడ తెల్ల కాగితమే.

మెట్ల మీద చప్పుడైంది. దాచడానికి వ్యవధి లేకపోయింది. సేరా పాపని భుజాన వేసుకుని దిగి వచ్చి, బల్ల మీది దూదుల కుప్పనీ ఫోటోనీ చూసింది. కళ్ళజోడు కోసం తడుముకుని, పెట్టుకుని, వంగింది.

‘‘కుడి కన్ను పోయింది, అత్తయ్యా. వాళ్ళు గీకేశారు. అది నేను తేలేను.’’

సేరా కొంకర్లు పోయిన వేలు పంటి సందు దగ్గర పెట్టి, తాకకుండా, గాలిలోనే ఆపింది.

‘‘ఈ సందులోంచి ఈల వేసి చంపేవాడు నన్ను. తలుపు వెయ్యరా చలి అంటే ఈల. స్నానం చెయ్యరా అంటే ఈల.’’ వేలు వెనక్కి తీసుకుంది. ‘‘అక్కడ శుక్రవారం నా చేతికి ఎవడినో ఇచ్చారు. వాణ్ణి చూసి నాకు కన్నీళ్ళు రాలేదు హెటీ. రాలేదేమిటా, నేనేం తల్లినీ అని రెండు రోజులు కుమిలిపోయాను.’’

పాపని బల్ల మీద కూర్చోబెట్టింది. పాప దూది అందుకుని నోట్లో పెట్టుకోబోతే హెటీ లాక్కుంది.

మిస్టర్ డెయింట్రీ భోజనాల వేళకి వచ్చాడు. కారు వీధి మొదట్లోనే ఆపి నడిచి వచ్చాడు, కోటు లోపల ఏదో దాచుకుని. లోపలికి వచ్చి తలుపు వేశాక గాని దాన్ని బయటికి తియ్యలేదు. కాగితం విప్పి పళ్ళెం బల్ల మీద పెట్టాడు, ఫోటో పక్కనే. బంగారు అంచులో చిన్న లోపం ఉందట. ఓడకి పనికిరానిదాన్ని ఒకదాన్ని ఇక్కడ ఉంచుకోవడానికి తనకున్న పలుకుబడితో అనుమతి సంపాదించాడట. పత్రికలో పడింది కదా, నలుగురూ వచ్చి చూపించమంటే ఇంట్లో లేకపోతే బాగుండదు, మీకూ బాగుండదు, మాకూ బాగుండదు అన్నాడు. అమెరికా నుంచి ఇంకా పెద్ద ఆర్డరు వచ్చిందనీ, ఈసారి పళ్ళాలే కాక కూజాలు కూడా చేస్తున్నామనీ, కూజా మీద బొమ్మ పెద్దది కావాలి కనుక ఫోటో ఇంకోసారి కావాలనీ చెప్పాడు. చెప్తూ బల్ల మీది ఫోటో వైపు చెయ్యి చాచాడు.

హెటీ ఆయనకన్నా ముందు తీసుకుంది. తీసుకుని పాప వీపు వెనక పెట్టింది. గుండె ఎంత గట్టిగా కొట్టుకుందంటే పాప తిరిగి ఆమె ముఖంలోకి చూసింది. ఇప్పుడు ఈయన ఒక్క మాటంటే సోమవారం నుంచి ఆ గేటు తెరుచుకోదు. ఆ సంగతి ఆమెకీ తెలుసు, ఆయనకీ తెలుసు, పళ్ళెం తిరగేసి మళ్ళీ అడుగు చూస్తున్న సేరాకీ తెలుసు.

సేరా పళ్ళెం వెల్లకిలా తిప్పింది. ముఖాన్ని తీరిగ్గా చూసింది.

‘‘చక్కగా ఉన్నాడు,’’ అంది. ‘‘ఎవరబ్బాయండీ?’’

మిస్టర్ డెయింట్రీ నవ్వబోయాడు. ముసలామె మతి గురించి ఏదైనా సైగ దొరుకుతుందేమోనని హెటీ వైపు చూశాడు.

‘‘మా ఆయనకి ముందుపన్ను విరిగింది, మీ ఆవం దగ్గరే,’’ అంది హెటీ. ‘‘ఒంటి రెక్క ఉండేది. ఈ అబ్బాయి ఫోటో మా దగ్గర లేదండీ.’’

‘‘వాళ్ళమ్మ ఎక్కడో ఎదురుచూస్తూ ఉంటుంది పాపం,’’ అంటూ సేరా పళ్ళేన్ని రెండు చేతులతో ఆయనకి అందించింది. ‘‘ఆవిడకి పంపించండి.’’

ఆయన ముఖం కందగడ్డ అయింది. సోమవారం మాట్లాడుకుందాం అన్నాడు. పళ్ళెం చుట్టి తెచ్చిన కాగితం పొయ్యి రాజెయ్యడానికి పనికొస్తుందని సేరా అప్పటికే మడిచి పక్కన పెట్టేసుకుంది, ఆయన అడగలేకపోయాడు. ప్రార్థన అయి జనం తిరిగొచ్చే వేళ. గడపల దగ్గర ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. అనుమతి ఉన్నా లేకున్నా ఎవరికీ కనపడకుండా పళ్ళేన్ని కోటులో దోపుకుని, పైన మోచెయ్యి అదుముకుని, ఒక పక్కకి ఒరిగి నడుస్తూ ఆయన కారు దాకా వెళ్ళాడు. దారి పొడుగునా ప్రతివాళ్ళూ నమస్కారం పెట్టారు. ప్రతిసారీ టోపీ ఎత్తడానికి ఆయనకి ఒక్క చెయ్యే మిగిలింది.

* * *

సోమవారం గేటు తెరిచే ఉంది. యజమాని కనబడలేదు. కూజాలకి పళ్ళెం బొమ్మనే పెద్దది చేసి వాడతారని అనుకుంటున్నారు. ఉద్యోగం సంగతి ఎవరూ ఏమీ చెప్పలేదు. రేపు చెప్తారేమో, వారం పోయాక చెప్తారేమో, హెటీకి తెలియదు. పొద్దున్నించీ తలుపు చప్పుడైనప్పుడల్లా చూస్తూనే ఉంది.

మిసెస్ టామ్స్ కొత్త కట్ట పట్టుకుని వచ్చి ఆమె బల్ల దగ్గర ఆగింది. పెట్టలేదు.

‘‘ఇవి కాన్నీకి ఇచ్చి, నీకు గులాబీలు వేస్తాను. అడగాల్సింది, ముందే అడగాల్సింది నేను.’’

‘‘ఫరవాలేదు మేస్త్రమ్మా, ఇవ్వండి,’’ అంది హెటీ. ‘‘ఈయనెవరో నాకు తెలీదు.’’

కాగితం బోర్లించి, బ్రష్షు తీసుకుని, ముక్కు దగ్గర మొదలుపెట్టి గట్టిగానే రుద్దింది.